ఆ రోజు నేను కూడా నవ్వాను: మనవాళ్లు చూడాల్సిన కొన్ని సినిమాలు



పోయిన నెలలో ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు నన్ను విడివిడిగా ఒకటే అడిగారు. "అన్నా, ఆదివాసుల మీద తీసిన మంచి సినిమాలు ఉంటే చెప్పు. ఫైట్లు, పాటలు ఉన్నవి కాదు, ఆర్ట్ సినిమాలు." ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పొడుగ్గానే ఉంటది, ఓపికగా చదవండి. లిస్టు ఇచ్చే ముందు ఒక పాత సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ సినిమాలు నాకెందుకు ముఖ్యమో మీకు తెలవదు.

మాది కూనవరం వైపు, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. కోయోళ్లం. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాల, తర్వాత డిగ్రీకి హైదరాబాద్. హాస్టల్లో కింద హాల్లో ఒక టీవీ ఉండేది. ఒక ఆదివారం సాయంత్రం అందరం కూర్చుని ఏదో పాత సినిమా చూస్తున్నాం. మీకు తెలిసిన సీనే. ఆకులు కట్టుకుని, ముఖాలకు తెల్ల చుక్కలు పెట్టుకుని, ఈటెలు పట్టుకుని "కోయోళ్లు" మంట చుట్టూ గంతులేస్తుంటారు. అర్థం పర్థం లేని కూతలు కూస్తుంటారు. హీరోను స్తంభానికి కట్టేసి ఉంటారు. పక్కనున్నోడు నా భుజం మీద చెయ్యేసి, "అరే, మీ సైడ్ ఇట్లనే ఉంటారా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వి, "మాది టౌన్ పక్కనే, వీళ్లు వేరే" అన్నాను.

ఆ తర్వాత రెండు వారాలకు మా నాన్న వచ్చాడు. చింతపండు, కొన్ని ఎండు చేపలు సంచిలో కట్టుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. గేటు దగ్గర నన్ను చూసి కోయలో "తిన్నావా" అని అడిగాడు. పక్కన నా రూమ్మేట్లు ఉన్నారు. నేను తెలుగులో "ఆ, తిన్నా" అన్నాను. ఆయన మళ్లీ కోయలో ఏదో అడిగాడు. నేను మళ్లీ తెలుగులోనే చెప్పాను. అప్పుడు ఆయన ఆ పిల్లల వైపు ఒకసారి చూసి, ఎమ్మార్వో ఆఫీసులో మాట్లాడే తెలుగులోకి మారిపోయాడు. "సరే బాబూ, మళ్లీ బస్సు ఎన్నింటికి ఉంటదో చూడు" అన్నాడు. మా నాన్న నన్ను అంతకు ముందెప్పుడూ బాబూ అని పిలవలేదు.

దీన్ని మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు. పీజీలో ఉండగా ఒక స్నేహితుడు సినిమా క్లబ్ వాళ్ల షోకి లాక్కెళ్లాడు. ఇరవై మంది కూడా లేరు. గోడ మీద ప్రొజెక్టర్. ఆ రోజు వేసింది 'ఆక్రోశ్'. నా లిస్టు అక్కడ మొదలవుతది.

ఆక్రోశ్ (హిందీ, 1980)

గోవింద్ నిహలానీ మొదటి సినిమా. రాసింది విజయ్ టెండూల్కర్. లహాన్యా భికూ అనే ఆదివాసీ కూలీ మీద, భార్యను చంపాడని కేసు. ఓం పురి వేశాడు. సినిమా మొత్తంలో ఆయన దాదాపు నోరు విప్పడు. ప్రభుత్వం తరఫున అతనికి పెట్టిన కుర్ర లాయర్‌గా నసీరుద్దీన్ షా. "ఏం జరిగిందో చెప్పు, నిన్ను కాపాడతా" అని లాయర్ బతిమాలుతుంటాడు. అతను గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. చెప్పినా వినేవాడు ఉండడని అతనికి తెలుసు. చివరి పది నిమిషాలు ఏం జరుగుతదో నేను చెప్పను. ఆడవాళ్ల మీద హింస ఉంటది, దానికి సిద్ధపడి చూడండి.

ఈ సినిమా గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఓం పురి మౌనం గురించే రాస్తారు. నన్ను పట్టుకున్నది ఇంకో పాత్ర. పబ్లిక్ ప్రాసిక్యూటర్ దుసానే. అమ్రీష్ పురి వేశాడు. మంచి ఇల్లు, పేరు, పెద్ద మనుషులతో స్నేహం. కోర్టులో లహాన్యాకి వ్యతిరేకంగా వాదించేది ఆయనే. ఆయన కూడా ఆదివాసీయే. అప్పుడప్పుడు ఇంటికి ఫోన్ వస్తది. పేరు చెప్పని గొంతు ఆయన పుట్టుకను పట్టుకుని తిడతది. ఆయన ఫోన్ పెట్టేసి మళ్లీ పనిలో పడిపోతాడు. చదువుకుని, ఎదిగి, తనవాడు బోనులో నిలబడితే తెలియనట్టు ఫైలు చూసుకునే మనిషి.

నాకు హాస్టల్ టీవీ హాలు గుర్తొచ్చింది. గేటు దగ్గర మా నాన్న గుర్తొచ్చాడు. షో అయ్యాక స్నేహితుడు "ఎట్లుంది?" అంటే "స్లోగా ఉంది" అని చెప్పి రూముకు వెళ్లిపోయాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనలో చాలామందిమి రేపు ఉద్యోగాల్లోకి వెళ్తాం. లహాన్యా కన్నా దుసానే అయ్యే అవకాశమే మనకు ఎక్కువ. అందుకే ఇది ముందు పెట్టాను.

మృగయా (హిందీ, 1976)

మృణాల్ సేన్ తీశాడు. మిథున్ చక్రవర్తికి ఇదే మొదటి సినిమా, దీనికే జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఒడియా రచయిత భగవతీచరణ్ పాణిగ్రాహి కథ దీనికి ఆధారం. బ్రిటిష్ కాలం. ఘినువా అనే వేటగాడికి, వేటంటే పిచ్చి ఉన్న తెల్లదొరకి మధ్య ఒక రకం స్నేహం. పెద్ద జంతువును కొట్టి తెస్తే బహుమానం ఇస్తానని దొర అంటాడు. ఆ అడవిలో అన్నిటికన్నా ప్రమాదమైన మృగం వడ్డీ వ్యాపారే అని ఘినువాకి తెలుసు. ఏ వేటకు బహుమానం, ఏ వేటకు ఉరి అన్నదే కథ. అప్పుల లెక్కలు మన తాతలు చెప్పినవే అనిపిస్తాయి.

ఇదే మృణాల్ సేన్ మరుసటి ఏడు తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను తెలంగాణ పల్లెకు తెచ్చాడు. ఆదివాసుల కథ కాదు గానీ చూడండి. తెలుగులో కూడా ఇట్లాంటి సినిమా వచ్చిందా అని ఆశ్చర్యపోతారు.

అరణ్యేర్ దిన్ రాత్రి (బెంగాలీ, 1970)

సత్యజిత్ రాయ్ తీసింది. కలకత్తా నుంచి నలుగురు కుర్రాళ్లు సెలవులకి పలామూ అడవికి వస్తారు. చౌకీదారుకు డబ్బులిచ్చి గెస్ట్‌హౌస్ పట్టేస్తారు. తాగుతారు, అరుస్తారు. పట్నపోళ్లు అడవికొస్తే ఎట్లుంటారో రాయ్ పట్టుకున్నట్టు ఇంకొకరు పట్టుకోలేదు. పాపికొండల బోట్లలో వచ్చేవాళ్లను చూసినోళ్లకు బాగా అర్థమవుతది.

కానీ అందులో దులి అనే సంతాల్ అమ్మాయి పాత్ర ఉంది. వేసింది సిమీ గరేవాల్. ఒంటికంతా నల్ల రంగు పూశారు. ప్రపంచం మెచ్చిన దర్శకుడు, ఇంత సున్నితంగా చూసే మనిషి. ఆయనకు కూడా సంతాల్ అమ్మాయి అంటే రంగు పూసిన వేరే అమ్మాయే. మిథున్ గానీ, ఓం పురి గానీ మనవాళ్లు కారు. తెలుగు కమర్షియల్ సినిమాను తిట్టడం సులువు. మన పక్షాన నిలబడ్డ మంచి సినిమాల్లో కూడా మనిషి మనది, ముఖం వేరేవాళ్లది. ఈ కోపం పెట్టుకునే ఆ సినిమా చూడండి. కోపం వచ్చిందని మంచి సినిమా చెడ్డది కాదు, మంచిదని ఆ రంగు కడుక్కుపోదు.

న్యూటన్ (హిందీ, 2017)

దీన్ని చాలామంది చూసే ఉంటారు. అమిత్ మసుర్కర్ తీశాడు. దండకారణ్యంలో 76 మంది ఓటర్లున్న బూత్‌కి ఎన్నికల డ్యూటీ మీద రాజ్‌కుమార్ రావ్ వస్తాడు. హాస్యంగానే సాగుతది. నేను చెప్పేది మల్కో గురించి. అంజలి పాటిల్ వేసిన ఆ స్థానిక టీచర్ పాత్రను గమనించండి. అధికారికీ ఊరివాళ్లకూ మధ్య మాట ఆమె గుండానే వెళ్లాలి. గోండి వచ్చినది ఆమెకే. ఆమె గొంతు పెంచదు, ఉపన్యాసం ఇవ్వదు. "మీరు కొన్ని గంటల దూరం నుంచే వచ్చారు, అయినా మీకేం తెలియదు" అన్నట్టు ఒక చూపు చూస్తది. చింతూరు దాటితే కుంట, అవతల అదే అడవి. గోండి, కోయ దగ్గరి భాషలు కాబట్టి కొన్ని మాటలు సబ్‌టైటిల్ లేకుండానే నా చెవికి తగిలాయి. పెద్ద హిందీ సినిమాలో మన మాట వినబడితే ఎట్లుంటదో ఆ రోజు తెలిసింది.

యార్వంగ్ (కొక్‌బోరోక్, 2008)

ఇది మా ఇంటి కథ అయిపోయింది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

త్రిపురలో గోమతి నది మీద 1970లలో డుంబుర్ డ్యాం కట్టారు. అక్కడి ఆదివాసుల ఊర్లు, పొలాలు మునిగిపోయాయి. దాని మీద జోసెఫ్ పులింతనత్ అనే ఆయన కొక్‌బోరోక్ భాషలో తీసిన సినిమా ఇది. యార్వంగ్ అంటే వేళ్లు. పెళ్లి చేసుకోవాలనుకున్న ఇద్దరు, నీళ్లు వచ్చి ఊరు చెదిరిపోవడంతో చెరో దిక్కు అయిపోతారు. కథ అంతే. నినాదాలు లేవు.

మా ఊరు పోలవరం ముంపులో ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నాం. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద. ఆ చలికాలం సెలవులకి వెళ్లినప్పుడు ఈ సినిమా నా లాప్‌టాప్‌లో ఉంది. రాత్రి అన్నం తిన్నాక నాన్న, అమ్మ, పక్కింటి పెద్దమ్మ, నలుగురు పిల్లలు చుట్టూ చేరారు. సబ్‌టైటిళ్లు ఇంగ్లీషులో ఉన్నాయి. మా నాన్నకు తెలుగు చదవడమే కష్టం.

కాబట్టి నేను చెప్పాల్సొచ్చింది. ఆ తెర మీద అక్షరాలు చదువుతూ, అప్పటికప్పుడు కోయలో చెప్పాలి. పదేళ్లుగా ఇంట్లో నేను తెలుగే ఎక్కువ మాట్లాడుతున్నా. మొదటి పది నిమిషాలు నత్తి వచ్చినట్టయింది. పిల్లలు నా మాటలకు కిసుక్కుమన్నారు. ఒక చోట నష్టపరిహారం అనే మాట వచ్చింది. దానికి కోయలో ఏమనాలో తెలవక ఆగిపోయాను. మా నాన్న తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "ప్యాకేజీ అను, అర్థమైతది" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వులో నేనూ ఉన్నాను గానీ, ఇది హాస్టల్ నవ్వు కాదు.

ఊరు ఖాళీ చేసే భాగం వచ్చేసరికి నేను చెప్పడం ఆపేశాను, అవసరం లేకపోయింది. మా అమ్మ మధ్యలో లేచి వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుంది. అయిపోయాక నాన్న ఒకటే అడిగాడు, "వాళ్ల ఊరి దేవతను ఎక్కడికి తీసుకుపోయారంట?" నాకు తెలవదు అన్నాను. కోయలోనే అన్నాను. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. హాస్టల్ గేటు సంగతి ఎత్తుదామనుకున్నా. ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తలేదు. కానీ పొద్దున లేచి టీ తాగుతూ ఆయన అడిగినవాటికి నేను జవాబిచ్చిన భాష ఆయనదే.

త్రిపుర ఎక్కడ, కూనవరం ఎక్కడ! వాళ్ల మాట ఒక్కటి కూడా మాకు రాదు. సినిమా అంటే ఏందో నాకు అర్థమైంది ఆ రాత్రే.

ఇంక కెమెరా మనవాళ్ల చేతిలో ఉన్న సినిమాలు. వీటి గురించి బయట మాట్లాడేది తక్కువ.

టెన్ కనూస్ (2006): ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని యోల్ఙు ఆదివాసుల సినిమా. రోల్ఫ్ డి హియర్, ఆ జాతికే చెందిన పీటర్ జిగిర్ కలిసి తీశారు. మాటలన్నీ అక్కడి ఆదివాసీ భాషల్లోనే ఉంటాయి. డేవిడ్ గుల్పిలిల్ కథ చెప్తుంటాడు. మొదట్లోనే అందరూ చెప్పే పద్ధతిలో కథ మొదలుపెట్టి, పగలబడి నవ్వి, ఇది నీ కథ కాదు మా కథ అని ఆటపట్టిస్తాడు. పది మంది మగవాళ్లు బెరడు పడవల్లో బాతు గుడ్ల కోసం చిత్తడిలోకి పోతుంటారు. దారంతా అన్న తమ్ముడికి ఒక పాత కథ చెప్తుంటాడు. ఎందుకంటే తమ్ముడికి అన్న చిన్న భార్య మీద కన్ను పడింది. బూతు జోకులు, అపాన వాయువుల మీద పరాచికాలు అన్నీ ఉన్నాయి. మనవాళ్లు సినిమాల్లో ఎప్పుడూ ఏడవాలి, లేదా తిరగబడాలి. హాయిగా పరాచికాలాడే ఆదివాసిని నేను తెర మీద మొదటిసారి చూసింది ఇందులోనే.

దీని వెనకాల సంగతి ఇంకా బాగుంటది. 1930లలో డొనాల్డ్ థామ్సన్ అనే మానవశాస్త్రవేత్త వాళ్లను ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు చూసి "ఇదిగో ఈయన మా తాత" అని మనవళ్లు గుర్తుపట్టారు. ఆ బంధుత్వాల ప్రకారమే వేషాలు పంచుకున్నారు. మర్చిపోతున్న బెరడు పడవలను ఆ ఫోటోల సాయంతో మళ్లీ కట్టారు. ఇది చదివినప్పుడు నాకు హైమన్‌డార్ఫ్ గుర్తొచ్చాడు. 1940లలో ఆయన మన గోండులను, కొండరెడ్లను, చెంచులను తీసిన ఫోటోలు, ఫిల్ములు లండన్‌లోని సోవాస్ సంస్థలో ఉన్నాయి. ఆదిలాబాద్ మార్లవాయిలో ఆయన భార్య బెట్టీ సమాధి దగ్గరకు మనలో చాలామంది వెళ్లాం. ఆ ఫోటోల్లో ఉన్నది ఎవరి తాతలు? గుర్తుపట్టగలిగే ముసలోళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారు?

అటనార్జుఅట్ (2001): కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇన్యుయిట్‌ల సినిమా, వాళ్ల ఇనుక్టిటుట్ భాషలో. తీసినాయన జకరయాస్ కునుక్, వాళ్లవాడే. రాతి బొమ్మలు చెక్కేవాడు. 1981లో తన బొమ్మలు అమ్మి ఆ డబ్బుతో వీడియో కెమెరా కొనుక్కున్నాడు. వాళ్ల ఇగ్లూలిక్ ఊరు అంతకు ముందు రెండుసార్లు టీవీ వద్దని ఓటేసింది, టీవీలో మన భాష లేదు కాబట్టి మాకొద్దు అని. ఆ ఊరి నుంచి వచ్చిన సినిమాకు కాన్స్‌లో కెమెరా డోర్ అవార్డు వచ్చింది. దాదాపు మూడు గంటలు ఉంటది. ఒక మనిషి ఒంటి మీద నూలుపోగు లేకుండా మంచు మీద ప్రాణం కోసం పరుగెత్తే సీను ఒక్కటి చాలు.

మన దేశంలో: జార్ఖండ్‌లో కురుఖ్ ఆదివాసీ బీజు టొప్పో ఉన్నాడు. మేఘనాథ్‌తో కలిసి రాంచీలో 'అఖ్‌రా' పేరుతో ఏళ్లుగా డాక్యుమెంటరీలు తీస్తున్నారు. గనులు, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, వరి సాగు, రామ్‌దయాళ్ ముండా జీవితం, అన్నీ ఉన్నాయి. 'నాచీ సే బాంచీ'తో మొదలుపెట్టండి. ఒడిశాలో హో ఆదివాసీ అమ్మాయి లిపికా సింగ్ దరాయి ఉంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ చదివి, జాతీయ అవార్డులు తెచ్చుకుంది. మేఘాలయలో ప్రదీప్ కుర్బా ఖాసీ భాషలో తీస్తాడు. షిల్లాంగ్ బజారు మీద తీసిన 'యూడూ' చూడండి. చెల్లెళ్లు ప్రత్యేకంగా లిపికా గురించి వెతికి చదవండి. పుణె, కలకత్తా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో ఎస్టీ సీట్లు ఉంటాయి. ఇంజినీరింగ్, బీఈడీ తప్ప ఇంకో దారి ఉందని మనకు ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నా.

ఇంక "అన్నా, స్లోగా ఉంటాయి కదా" అనేవాళ్లకి. నిజమే, స్లోగానే ఉంటాయి. నేనూ మొదట అదే అన్నాను, అబద్ధంగా. మన ఊర్లో ముసలోళ్లు కథ చెప్పేటప్పుడు ఎప్పుడన్నా తొందరపడ్డారా? మధ్యలో చుట్ట కాలుస్తారు, దగ్గుతారు, కుక్కను అదిలిస్తారు, మళ్లీ మొదలుపెడతారు. రేల ఆట రాత్రంతా సాగుతది. ఆ ఓపిక మనకు పుట్టుకతో వచ్చింది, రీల్స్ చూసి పోగొట్టుకుంటున్నాం. ఫోన్‌లో ఒక్కరే కాకుండా నలుగురు కూర్చుని చూడండి. రెండు రోజులుగా చూసినా పర్లేదు. కొన్ని యూట్యూబ్‌లో దొరుకుతాయి, కొన్నిటికి వెతకాలి.

చివరగా ఒక పని. ఈ ఎండాకాలం సెలవులకి మా ఊర్లో ఒక రాత్రి 'టెన్ కనూస్' వేద్దామనుకుంటున్నా. ప్రొజెక్టర్ ఒక సార్ ఇస్తానన్నాడు, తెరకి దుప్పటి ఉంది. పక్కన ఒకరు మైకు పట్టుకుని కోయలో చెప్తూ ఉండాలి. ఆ పని నాది. తప్పులు వస్తాయి, పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు వాళ్లు రాగలిగితే రండి. మిగతావాళ్లు మీ ఊర్లో మీ భాషలో పెట్టండి. సవర, జాతాపు, కువి, గోండి, లంబాడీ, ఏదైనా.

వచ్చేటప్పుడు ఫోన్‌లో ఒక్క వీడియో తీసుకురండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏదన్నా పని చేస్తూ మాట్లాడుతున్నది. పోయిన నెల నేను మా నాన్నను తీశాను. వల బాగుచేసుకుంటూ, మునిగిపోయే ఊర్లో ఏ చెట్టు ఎవరిదో వరసగా చెప్పాడు. నలభై నిమిషాలు వచ్చింది. అందులో పది నిమిషాలు గాలి హోరు తప్ప ఏం వినబడదు, నేను దూరంగా నిలబడి తీశాను కాబట్టి. మీరు దగ్గరగా కూర్చుని తీయండి.

జోహార్.